గల్ఫ్ బాట: అప్పు దగ్గర నుంచి తిరుగు ప్రయాణం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ గల్ఫ్‌కు పోదామనుకుంటున్న వాళ్ల కోసం, అంతకంటే ఎక్కువగా వాళ్ల ఇంట్లో వాళ్ల కోసం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ వైపు పల్లెల్లోనూ, కడప, అన్నమయ్య, కోనసీమ, శ్రీకాకుళం జిల్లాల్లోనూ జనం అడిగే ప్రశ్నలే ఇక్కడ ఉన్నాయి. చాలా కుటుంబాల పతనం విమానం ఎక్కకముందే, అప్పు పత్రం మీద సంతకం పెట్టిన రోజే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. అందుకే అప్పు సంగతి, కాగితాల సంగతి వివరంగా రాశాను. మిగతావి క్లుప్తంగా ఉంటాయి.

అసలు ఎందుకు పోతారు? ఇక్కడ పని లేకనా, ఆశ ఎక్కువయ్యా?

ఆశ అనే మాట నాకు నచ్చదు. ఉత్తర తెలంగాణలో కాలువ నీళ్లు అందని ఊళ్లలో సేద్యం బోరు మీదే నడిచేది. ఒక బోరు ఎండితే ఇంకొకటి, అది ఫెయిలైతే మరొకటి. మూడో బోరుకు వచ్చేసరికి రైతు పేరు మీద పొలం కంటే అప్పే ఎక్కువ ఉండేది. సిరిసిల్లలో మరమగ్గాల పని తగ్గినప్పుడల్లా కార్మికులు ముందు భివండీ, ముంబై దారి పట్టారు, తర్వాత దుబాయి దారి పట్టారు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, ఓడరేవులు, భవనాలు కట్టడం మొదలైంది. అప్పుడు ముంబైలో ఉన్న మన వాళ్లకు ఆ కబురు ముందే అందింది. అలా ఒక ఇంటి నుంచి ఒకరు, ఆ ఒకరి వెనుక ఊరంతా కదిలింది.

కడప వైపు కథ కొంచెం వేరు. రాయచోటి, రాజంపేట ప్రాంతాల నుంచి ఎక్కువగా కువైట్‌కు పోయారు. అందులో ఇంటిపనికి పోయిన ఆడవాళ్లు చాలామంది. వరస కరువులు, భర్త తాగుడో చావో, ఎదుగుతున్న కూతుళ్లు, ఇవీ కారణాలు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, వేరేవాళ్ల పిల్లల్ని పెంచడానికి పోయిన తల్లులు వాళ్లు. వాళ్లను ఆశపోతులనడానికి ఎవరికీ హక్కు లేదు.

వీసాకు ఎంత ఖర్చవుతుంది? ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. రిజిస్టర్డ్ ఏజెంటు తన సర్వీసు చార్జీ కింద తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. వీసాను అమ్మకూడదు, కొనకూడదు.

ఇక అప్పు లెక్క కాగితం మీద వేసి చూద్దాం. లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 4,500. అక్కడ జీతం 1,000 దిర్హాములు అనుకోండి, మన డబ్బులో 23 వేల పైనే. తిండికి, ఫోనుకు, సబ్బుకు పోగా ఇంటికి పంపగలిగేది 13 వేల దాకా ఉంటుంది. ఇంటి ఖర్చుకు కనీసం 5 వేలు. మిగిలిన 8 వేలతో అసలు, వడ్డీ కలిపి తీర్చుకుంటూ పోతే 28 నెలలు పడుతుంది. వీసా ఉండేది రెండేళ్లు. అంటే అంతా సవ్యంగా జరిగి, ఒక్క నెల జీతం కూడా ఆగకుండా, ఒక్క రోజు కూడా జబ్బు చేయకుండా ఉన్నా, అప్పు తీరకముందే వీసా అయిపోతుంది. పైగా చాలాచోట్ల అప్పు ఇచ్చినవాళ్లు అసలును ముక్కలు ముక్కలుగా తీసుకోరు. అప్పుడు లెక్క ఇంకా బరువవుతుంది.

అదే చట్టం ప్రకారం ఏజెంటు ఫీజు, టికెట్, మెడికల్ అన్నీ కలిపి 70 వేల అప్పుతో పోయారనుకోండి. అదే వడ్డీకి, అదే జీతంతో, అదే 8 వేలు కడితే 11వ నెలకు తీరిపోతుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి రూపాయి పిల్లల చదువుకే. మనిషి అదే, ఎండ అదే, కష్టం అదే. మొదట్లో చేసిన అప్పు ఒక్కటే తేడా. అందుకే ఇంటికి వచ్చిన ఏజెంటుతో మాట్లాడేటప్పుడు పోయే మనిషి పక్కన లెక్క తెలిసిన ఒకరు కూర్చోవాలి. ఇంట్లో పదో తరగతి చదివే బిడ్డ ఉంటే ఆ బిడ్డనే కూర్చోబెట్టండి, ఈ లెక్క వేయించండి.

ఏజెంటు అసలువాడా, నకిలీనా అని ఎలా తెలుసుకోవాలి?

విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్డ్ ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, అందులో సరిచూసుకోండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటు "మా సేఠ్‌కు లైసెన్సు ఉంది" అంటాడు. ఆ మాట చెల్లదు. లైసెన్సు ఉన్న ఆఫీసుకే పోయి, వాళ్ల చేతి నుంచే రసీదు తీసుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారా పంపితే రేపు పోలీసు కేసుకు అదే ఆధారం.

లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపడం 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం. రెండేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. లక్షల్లో వసూలు చేసేవాడికి రెండు వేల జరిమానా ఒక లెక్కా? అందుకే ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఈ చట్టంతో పాటు మోసం సెక్షన్లు కూడా పెట్టమని స్టేషన్‌లో గట్టిగా అడగండి.

ఈసీఆర్ పాస్‌పోర్టు అంటే ఏమిటి?

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరం) అని ఉంటుంది. ఇలాంటి వాళ్లు గల్ఫ్ దేశాలు, ఇరాక్, మలేషియా సహా 18 దేశాలకు పని మీద పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఈ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. చాలామంది దీన్ని అడ్డంకి అనుకుని విజిట్ వీసా మీద దాటిపోతారు. నిజానికి అది మీకు రక్షణ. ఆ అనుమతికి ముందు మీ జీతం, మీ పని, మీ యజమాని పేరు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతాయి. రేపు జీతం ఎగ్గొడితే పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

విజిట్ వీసా మీద పోయి అక్కడ పని వెతుక్కోవచ్చంటున్నారు. నిజమేనా?

విజిట్ వీసా మీద పని చేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. యజమానికి ఆ సంగతి తెలుసు, అందుకే జీతం ఎగ్గొట్టడానికి భయపడడు. మీరేమో ఫిర్యాదు చేయడానికి భయపడతారు. యూఏఈలో గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాముల చొప్పున జరిమానా పెరుగుతూనే ఉంటుంది. కంబోడియా, మయన్మార్‌లలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకుపోయి, సైబర్ మోసాలు చేయించిన ముఠాల వలలో పడింది కూడా ఎక్కువగా ఇలా టూరిస్టు వీసా మీద పోయిన పిల్లలే. వాళ్లలో డిగ్రీ చదివిన వాళ్లూ ఉన్నారు.

ఆజాద్ వీసా మంచిదా?

ఆజాద్ వీసా అని చట్టంలో ఏదీ లేదు. పేరుకు ఒక కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) ఉంటాడు, అతను తన దగ్గర పని ఇవ్వడు, వీసా మాత్రం అమ్ముకుంటాడు. మీరు బయట ఎక్కడో పని చేసుకుంటూ, ప్రతి ఏడూ అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ కోసం అతనికి డబ్బు కట్టాలి. బయట పని చేస్తుండగా దొరికితే నేరం మీదే అవుతుంది. కొందరు ఇలా పోయి బాగుపడిన మాట నిజం. ఊళ్లో కనిపించేది ఆ కొందరి కొత్త ఇళ్లే. చెడిపోయిన వాళ్లు సిగ్గుతో నోరు విప్పరు.

జీతం ఇవ్వకపోతే, పాస్‌పోర్టు గుంజుకుంటే ఏం చేయాలి?

ముందు ఈ విషయం తెలుసుకోండి: యూఏఈ, ఖతార్, సౌదీల్లో పాస్‌పోర్టును యజమాని పెట్టుకోవడం అక్కడి చట్టం ప్రకారమే తప్పు. జీతం బ్యాంకు ద్వారానే వేయాలన్న పద్ధతి యూఏఈలో 2009లో, సౌదీలో 2013లో, ఖతార్‌లో 2015లో వచ్చింది. అందువల్ల కంపెనీ ఎన్ని నెలలు ఎగ్గొట్టిందో అక్కడి కార్మిక శాఖకు రికార్డులోనే కనిపిస్తుంది. ఖతార్ 2020లో పని మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదని చట్టం మార్చింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు, తిండి, వసతి ఇవ్వకపోతే వాటికి మరో 800 ఇవ్వాలని పెట్టింది. చట్టం ఉన్నంత మాత్రాన అమలు జరుగుతుందని కాదు. కానీ అడిగేవాడికి ఆ అంకె తెలిసి ఉండాలి.

ఫిర్యాదుకు మూడు దారులున్నాయి. అక్కడి కార్మిక శాఖ ఒకటి, భారత రాయబార కార్యాలయం రెండోది. మూడోది మన విదేశాంగ శాఖ 2015లో మొదలుపెట్టిన మదద్ పోర్టల్, దీనిలో ఇక్కడి నుంచి భార్య అయినా, తమ్ముడైనా ఫిర్యాదు వేయొచ్చు. దుబాయి, రియాద్, జెడ్డాలలో ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రాలు ఉన్నాయి.

కోపంతోనో భయంతోనో పని వదిలి పారిపోవడం మాత్రం చివరి దారిగా ఉంచుకోండి. పారిపోయాడని కఫీల్ రాసిస్తే సౌదీలో హురూబ్ కేసు అవుతుంది, మనిషి కల్లివెల్లి (చట్టబద్ధమైన కాగితాలు లేనివాడు) అయిపోతాడు. ఇక ఆసుపత్రికి పోవాలన్నా, ఇంటికి డబ్బు పంపాలన్నా దొంగచాటుగానే. కొట్టడం, లైంగికంగా వేధించడం లాంటివి ఉంటే మాత్రం ఆలోచించొద్దు. బయటపడి నేరుగా ఎంబసీకి చేరాలి.

మా అక్క కువైట్‌లో ఇంటిపనికి పోదామనుకుంటోంది. పంపొచ్చా?

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకుండా గల్ఫ్‌లో ఇంటిపనికి అనుమతి లేదు. వయసు దాటినా ప్రైవేటు ఏజెంటు ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారా పోవాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అలాంటివే. వయసు పెంచి పాస్‌పోర్టు చేయిస్తామని, శ్రీలంక మీదుగానో నేపాల్ మీదుగానో పంపుతామని ఎవరైనా అంటే ఆ మనిషిని ఇంటి గడప కూడా తొక్కనివ్వకండి.

కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్ల కోసం 2015లో ప్రత్యేక చట్టం వచ్చింది. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి ఒక నెల జీతంతో సెలవు, పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున డబ్బు ఇవ్వాలి. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లుగా పెట్టారు. ఇవన్నీ మంచివే. కానీ ఫ్యాక్టరీలో వందమంది మధ్య ఉండే కార్మికుడికీ, నాలుగు గోడల మధ్య ఒంటరిగా ఉండే ఖాదిమా(ఇంటిపని మనిషి)కూ చాలా తేడా ఉంది. ఆమె ఫోను యజమానురాలు తీసేసుకుంటే ఈ చట్టం సంగతి ఆమెకు ఎవరు చెబుతారు? అందుకే పోయేముందే యజమాని పేరు, ఇంటి చిరునామా, ఆయన బతాకా (గుర్తింపు కార్డు) కాపీ ఇంట్లో పెట్టించుకోండి. వారానికి ఒక్కసారైనా ఫోను రాకపోతే ఇంకో వారం ఎదురుచూడకుండా మదద్‌లో ఫిర్యాదు వేయండి.

ఎండకు తట్టుకోగలరా? చిన్న వయసులోనే గుండెపోటుతో పోయారని వింటున్నాం.

వేసవిలో మధ్యాహ్నం ఆరుబయట పని ఆపాలని అన్ని గల్ఫ్ దేశాల్లోనూ నియమం ఉంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు, కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు చివరి దాకా 11 నుంచి 4 వరకు. ఎండ దెబ్బ ఆ కొన్ని గంటలతో అయిపోదు. నీళ్లు సరిగా తాగక, మూత్రం ఆపుకొని, ఏళ్ల తరబడి పని చేసినవాళ్లకు కిడ్నీలు పాడవుతాయి. పోయేముందు బీపీ, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) పరీక్షలు సొంతంగా చేయించుకోండి. ఏజెంటు చేయించే మెడికల్ పరీక్ష వీసా కోసం చేసేది, మీ ఆరోగ్యం కోసం కాదు.

గుండెపోటు అని రాసే చావుల గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై, నలభై ఏళ్ల మనిషి రాత్రి పడుకుని తెల్లారి లేవకపోతే, చాలాసార్లు పోస్టుమార్టం లేకుండానే సహజ మరణం అని రాసేస్తారు. ఆ మాట వల్ల ఇక్కడ కుటుంబానికి ప్రమాద బీమా రాదు. అసలు ఎందుకు చనిపోయాడో కూడా ఎవరికీ తెలియదు. దీని మీద మన ప్రభుత్వాలు గట్టిగా మాట్లాడాల్సింది, ఇన్నేళ్లయినా మాట్లాడలేదు.

ఎవరైనా చనిపోతే శవాన్ని ఎలా తెప్పించుకోవాలి?

ఈ ప్రశ్న అవసరం ఏ ఇంటికీ రాకూడదు. కానీ వస్తుంది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలిపోయినప్పుడు నలభై మందికి పైగా భారతీయులు పోయారు. వాళ్లలో ఆంధ్రప్రదేశ్ వాళ్లూ ఉన్నారు.

అక్కడి ఆసుపత్రి మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, మన ఎంబసీ ఇచ్చే నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు, శవం చెడిపోకుండా మందు పట్టించడం, ఇవన్నీ అయ్యాకే విమానం ఎక్కిస్తారు. ఖర్చు యజమాని పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే ఎంబసీ దగ్గర 2009 నుంచి ఉన్న ప్రవాసుల సంక్షేమ నిధి ఉంది, దాని నుంచి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. విమానాశ్రయం నుంచి ఊరికి ఉచిత అంబులెన్సు కోసం తెలంగాణ వాళ్లు ఎన్నారై విభాగాన్ని, ఆంధ్ర వాళ్లు ఏపీఎన్నార్టీని (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న సంస్థ) ముందే సంప్రదించాలి. రావాల్సిన జీతం, సర్వీసు డబ్బు (పని చేసిన ఏళ్ల లెక్కన చివర్లో ఇచ్చేది) గురించి ఎంబసీకి అప్పుడే రాయండి. దుఃఖంలో ఉన్నప్పుడు డబ్బు మాట ఎత్తడానికి మనసు రాదు. అయినా ఎత్తాలి. నెలలు గడిచాక కంపెనీ ఫోను ఎత్తదు.

బీమా, ఎక్స్‌గ్రేషియా ఏమైనా వస్తాయా?

ఈసీఆర్ అనుమతితో పోయేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు వస్తాయి. యజమాని మారినా బీమా చెల్లుతుంది. గడువు అయిపోతే ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవచ్చు, కానీ ఆ సంగతి గుర్తుపెట్టుకునేవాళ్లు తక్కువ. ఇంట్లో ఉన్నవాళ్లే తేదీ రాసుకుని గుర్తుచేయాలి.

తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబర్ 7 తర్వాత గల్ఫ్ దేశాల్లో, ఇరాక్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల ఎక్స్‌గ్రేషియా ఇస్తోంది. ఇది సహజ మరణానికి కూడా వర్తిస్తుంది. ఆలస్యం చేయకుండా కలెక్టర్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వాలి. ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, దానిలో ముందుగానే చేరి ఉండాలి.

ఆయన చనిపోయాడు. అప్పు ఇచ్చినవాళ్లు ఇంటి మీదకు వస్తున్నారు. భార్య కట్టాలా?

ప్రామిసరీ నోటు మీద భర్త ఒక్కడే సంతకం పెట్టి ఉంటే, అతని నుంచి వారసులకు వచ్చిన ఆస్తి విలువ మేరకే ఆ అప్పు వసూలు చేసుకోవచ్చు. భార్య కూలి డబ్బు మీద, ఆమె పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం మీద వాళ్లకు హక్కు లేదు. భార్య కూడా సంతకం పెట్టి ఉంటే, హామీ ఉండి ఉంటే ఆమె బాధ్యురాలు అవుతుంది. అందుకే పోయేముందు భార్యతో సంతకం పెట్టించొద్దు, ఖాళీ నోటు మీద ఎవరూ సంతకం పెట్టొద్దు. బెదిరింపులు వస్తుంటే మండల న్యాయసేవా కమిటీకి పోండి, ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్‌ను ఇస్తారు.

అప్పుల ఒత్తిడితో, టెన్షన్‌తో నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలనిపించినా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

కల్లివెల్లి అయిపోయాడు. ఇంటికి ఎలా రావాలి?

క్షమాభిక్ష కోసం చూడాలి. యూఏఈ 2018లో, మళ్లీ 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఇచ్చింది. కువైట్ కూడా 2018లో, 2024లో ఇచ్చింది. పాస్‌పోర్టు లేకపోతే ఎంబసీ ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి మాత్రమే పనికొచ్చే కాగితం) ఇస్తుంది. క్షమాభిక్ష లేని సమయంలోనూ ఎంబసీ సాయంతో రావడం సాధ్యమే, జరిమానా, కొన్నాళ్ల నిషేధం ఉండొచ్చు. ఇంట్లో వాళ్లు ఒక పని చేయాలి: ఖాళీ చేతులతో వచ్చినా పర్లేదు, రమ్మని స్పష్టంగా చెప్పాలి. ఊళ్లో తలెత్తుకోలేననే భయంతోనే చాలామంది వచ్చిన అవకాశాన్ని వదిలేసుకుంటారు.

తిరిగి వచ్చేటప్పుడు కంపెనీ నుంచి ఏం రావాలి?

సర్వీసు డబ్బు. యూఏఈలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, తర్వాత నెల జీతం. కాంట్రాక్టులో బేసిక్ తక్కువ రాసి అలవెన్సులు ఎక్కువ రాస్తే యూఏఈలో ఈ డబ్బు తగ్గిపోతుంది కాబట్టి, సంతకం పెట్టేటప్పుడే ఆ అంకె చూడండి. అరబ్బీలో ఉన్న సెటిల్మెంట్ కాగితం మీద డబ్బు చేతికి రాకుండా సంతకం చేయొద్దు.

వచ్చాక ఏమిటన్నది ఇంకా పెద్ద ప్రశ్న. యాభై ఏళ్ల వయసులో, షుగరుతో, నడుం నొప్పితో వచ్చిన మనిషికి పింఛను లేదు. కేరళ 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా అనే శాఖ పెట్టింది, తర్వాత సంక్షేమ బోర్డు పెట్టి పింఛను కూడా ఇస్తోంది. మన రెండు రాష్ట్రాల కార్మికులు అదే అడుగుతున్నారు. ఓట్ల సమయంలో మీ ఊరికి వచ్చే నాయకులను మీరూ అదే అడగండి.

పోకుండా ఉండలేం. కనీసం మంచి జీతానికి పోవాలంటే?

పని నేర్చుకుని పోవాలి. హెల్పర్‌గా పోయినవాడికీ, ఎలక్ట్రీషియన్‌గానో ప్లంబర్‌గానో వెల్డర్‌గానో సర్టిఫికెట్‌తో పోయినవాడికీ జీతంలో బాగా తేడా ఉంటుంది. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, ఊరి దగ్గర ఐటీఐ ఇందుకు పనికొస్తాయి. నేర్చుకునే కాలం వృథా కాదు, ఇంకా అప్పు చేయలేదు కాబట్టి ఆ కొన్ని నెలలు వడ్డీ కూడా పెరగదు.

ఇంట్లో ఏ కాగితాలు ఉంచుకోవాలి?

పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా కాపీలు. ఏజెంటు లైసెన్సు నంబరు, రసీదు, బ్యాంకు ద్వారా పంపిన డబ్బు వివరాలు. కంపెనీ పేరు, క్యాంపు ఉన్న చోటు, ఒకే గదిలో ఉండే మనవాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు. అక్కడికి చేరాక అకామా లేదా బతాకా ఫొటో. అన్నీ భార్య ఫోన్‌లో ఒకటి, చదువుకున్న పిల్లల ఫోన్‌లో ఒకటి ఉండాలి. భార్య పేరు మీద విడిగా బ్యాంకు ఖాతా తెరవండి, డబ్బు అందులోకే పంపమనండి. అన్నదమ్ముల ఖాతాకు పంపి, తిరిగి వచ్చాక లెక్కల దగ్గర విడిపోయిన ఇళ్లు ఈ జిల్లాల్లో చాలానే ఉన్నాయి.